నేను చదవకుండా దాటేసిన వాక్యం

మా వీధిలో రోడ్డు వేస్తున్నారు. కాగే తారు వాసన కిటికీలోంచి రాగానే నాకు గురవయ్య మేస్త్రి గుర్తుకొచ్చాడు. బక్కపలచటి మనిషి. కంకర కొట్టే ముఠాకు పెద్ద. గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తల్లో మాట. మా ఊళ్లు ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉండేవి. గిద్దలూరు నుంచి కొమరోలు వైపు రోడ్డు వేస్తున్న ఒక కాంట్రాక్టు కంపెనీలో కూలీల హాజరు రాసే టైంకీపరుగా చేరాను. రాచర్ల దగ్గర మా తాతగారు గుర్రం దిగకుండా పొలాలు చూసుకున్న మనిషి. నా కాలానికి మిగిలింది ఇంటి పేరు, నిటారుగా నడిచే అలవాటు. కూలీల పక్కన నేల మీద ఎన్నడూ కూర్చోలేదు. అదే మర్యాద అనుకున్నాను.

మొదట్లో కంపెనీ మంచిదే. వారానికోసారి కాంపౌండరు మందుల పెట్టెతో వచ్చేవాడు. వానకు పని ఆగితే సగం కూలి దక్కేది. కాన్పయిన ఆడమనిషికి నెల రోజుల జొన్నలు కొలిచి, ఆమె పని ఆమెకే నిలిపి ఉంచేవారు. కొత్త మేనేజరు వచ్చాక ముందు కాంపౌండరు రావడం మానేశాడు. తరవాత వాన కూలి పోయింది. ఏది పోయినా ఒక కాగితం వచ్చేది, మా ఇష్టప్రకారమే ఒప్పుకున్నామని. దాని కింద అందరి వేలిముద్రలు.

కాగితం మొత్తం పైకి చదివితే గాని తన ముఠాలో ఎవరూ వేలు వెయ్యకూడదని గురవయ్య కట్టడి. చదివేది నేను. ఆయన కళ్లు మూసుకుని విని, ఇంకోతూరి చదవమనేవాడు. వాన కూలి కాగితం మూడుసార్లు చదివించుకున్నాడు. మేనేజరుతో వాదించి ఓడిపోయాకే వేలు వేశాడు. ఎలాగూ పోయేదానికి ఇంత చదువు ఎందుకని అడిగాను.

"పోయేది ఏందో తెలిసి పోవాల నాయనా" అన్నాడు.

మూడో కాగితం ఇస్తూ మేనేజరు నన్ను పక్కకు పిలిచాడు. ఈసారి వాదన లేకుండా ముద్రలు రాకపోతే నా చోట ఇంకొకరు వస్తారన్నాడు. ఉద్యోగం పోగొట్టుకుని మా ఊరి వీధిలో నడవడం నేను ఊహించుకోలేకపోయాను. పనివేళల గురించీ, నీళ్ల పీపాల గురించీ ఉన్నదంతా గట్టిగా చదివాను. కాన్పు జొన్నలు ఇక ఉండవు, పని నిలిపి ఉంచరు అన్న ఒక్క వాక్యం దాటేశాను. ఆ రోజు గురవయ్య రెండోసారి చదవమనలేదు. అప్పటికి నా మీద నమ్మకం కుదిరినట్టుంది. అందరికంటే ముందు వేలు వేసింది నరసమ్మ. కంకర కొట్టే మనిషి, నిండు చూలాలు.

బిడ్డ పుట్టిన నాలుగో రోజు ఆమె మొగుడు జొన్నలకు వెళితే కంపెనీ స్టోరులో ఆ కాగితం చూపించారు. పదకొండో రోజు నుంచి ఆమె పేర కంకర కుప్ప పడకపోతే పని ఇంకొకరికి పోతుందన్నారు. గురవయ్య నా గుడారానికి వచ్చాడు.

"ఆ మాట అందులో ఉండాదా?"

ఉందన్నాను.

"నీకు కనపడలేదా?"

"కనపడింది."

"మాకు లేవనే గదా నీ కండ్లు అడుక్కున్నాము" అన్నాడు.

ఇద్దరం మేనేజరు దగ్గరికి వెళ్లాం. నేను చేసింది నా నోటితోనే చెప్పాను. పడిన ముద్ర పడిందేనన్నాడు ఆయన. నన్ను తీసేయమన్నాను. ఇంత పనికొచ్చేవాణ్ని ఎందుకు తీసేస్తానని నవ్వాడు.

కుప్ప కొలతకు వస్తే చాలు, కొట్టింది ఎవరని కంపెనీ అడగదు. పదకొండో రోజు నుంచి ముఠాలో ప్రతి ఒక్కరూ నరసమ్మ కుప్పలో రెండేసి గంపలు పోశారు. గురవయ్య నా చేతికి సుత్తి ఇచ్చి, నీవి రెండు గంపలు ఏవన్నాడు. నేల మీద కూర్చున్నాను. నడుము వంగనంది. ఆ మధ్యాహ్నం కొమరోలు బస్సు మా పక్కనే ఆగింది. కిటికీలోంచి మా ఊరి మనిషి తొంగిచూసి, "ఏంది చిన్నయ్యా, నువ్వేనా?" అన్నాడు. నేను తల ఎత్తలేదు.

"పలుకు నాయనా, పిలుస్తాండారు గదా" అన్నాడు గురవయ్య.

పలికాను.

నెల నిండి నరసమ్మ పనిలోకి వచ్చింది. నేనేదో చెప్పబోతే వినిపించుకోలేదు. "మీరు కొట్టినవి యాడున్నా తెలుస్తాండాయిలే అయ్యా. అన్నీ గుండ్లే. మళ్లా నేను కొట్టుకోవాల" అంది. ముఠా అంతా నవ్వింది.

మరుసటి ఏడు కంపెనీ ఆ ముఠానే ఎత్తేసింది. గురవయ్య త్రిపురాంతకం వైపు పనికి పోయినాడని విన్నాను. మళ్లీ చూడలేదు.

ఇప్పటికీ ఎవరో ఒకరు కాగితం పట్టుకుని నా దగ్గరికి వస్తారు. సంతకం ఎక్కడ పెట్టాలో చూపిస్తే చాలంటారు. నా గొంతు అలిసిపోయింది, చూపు మసకబారింది. అయినా కూర్చోమని, మొదటి అక్షరం నుంచి పైకి చదువుతాను. వాళ్లు విసుక్కుంటారు. అయిపోయాక, ఇంకోసారి చదవమంటారా అని నేనే అడుగుతాను.