నా పాస్‌వర్డుతో బడి నడిచిన రోజులు

మొహమాటంతో ఉద్యోగం పోగొట్టుకోవచ్చునని ఎవరైనా చెబితే నవ్వేవాణ్ణి. పోయే ఉద్యోగాన్ని గుమ్మం దాకా సాగనంపి వచ్చాక నవ్వడం తగ్గించాను. ఆ ఏడాది సిద్దిపేటలో వెర్రివాళ్లకు పోటీ పెట్టి ఉంటే మిగతావాళ్లు బస్సు ఛార్జీలు దండగని ఇంట్లోనే ఉండేవాళ్లు.

ఓ ప్రైవేటు బడిలో కాంట్రాక్టు మీద కంప్యూటర్ సారుని. టీచర్లు ఎవరి లాగిన్‌తో వాళ్లే ఇంటర్నెట్ వాడాలి. పాఠానికి పనికొచ్చేవే తెరుచుకుంటాయి. కొత్తది కావాలంటే నేను అనుమతి పెట్టాలి. ఇదీ బడి నియమం. నా లాగిన్‌కు మాత్రం అన్నీ తెరుచుకుంటాయి.

ఒకరోజు సైన్సు సుజాత మేడం క్లాసులోంచి పరుగెత్తుకొచ్చింది.

"అన్నా, గుండె పాఠం వీడియో ఓపెన్ అయితలేదు. పిల్లలు ఒకటే లొల్లి. జెర నీ పాస్‌వర్డ్ కొట్టరాదు!"

"పర్మిషన్ పెడ్త మేడం. రేపటికల్ల ఓపెన్ అయితది."

"రేపటిదాక గుండె ఆగుతదా అన్నా?"

నా గుండె కరిగింది. కొట్టాను. మర్నాడు సోషల్ యాదగిరి సారు వచ్చాడు. "మేడంకు కొట్టినవట. మేమేం పాపం జేసినం?" ఆయనకూ కొట్టాను. ఆఖరుకు హెడ్మాస్టర్ సారే పిలిచి, "ఏమయ్యా, అందరికీ అయినంక నాకా?" అని నిష్ఠూరమాడాడు. ఒకసారి కొడితే మళ్లీ తీసేదాకా ఆ కంప్యూటర్ నా పేరు మీదే నడుస్తుంది. అలా బడిలో ప్రతి కంప్యూటర్ ముందూ కూర్చున్నది నేనే అయ్యాను, నేను కూర్చోకుండానే.

ఏడాది చివర కరస్పాండెంట్ గారు ఎవరేం చూశారో లెక్క తీయించారు. హెడ్మాస్టర్ స్టాఫ్ అందరి ముందు నన్ను నిలబెట్టాడు.

"ఏందయ్యా గిది? బడి టైముల చీరలు, నూనెలు, ప్లాట్లు! అన్నీ నీ పేరు మీదనే. ఇగ నీ కాంట్రాక్టు ఎట్ల రెన్యువల్ చేయాలె?"

నేను అందరి వంకా చూశాను. సుజాత మేడం కొంగు అంచును కొత్తగా చూస్తోంది. యాదగిరి సారు ఫ్యాను తిరిగే తీరు మీద పరిశోధన మొదలుపెట్టాడు. మీరు నవ్వుకోండి, పర్వాలేదు. అప్పుడు కూడా మొహమాటపడి ఎవరి పేరూ బయటపెట్టలేదు.

"శనివారం కరస్పాండెంట్ సార్ వస్తడు. గా సార్ ముందట ఇంటర్నెట్ రూల్స్ మీద క్లాసు చెప్పు. నీ తప్పులే చెప్పు, అందరికీ బుద్ధొస్తది," అన్నాడు హెడ్మాస్టర్.

చెప్పమన్నాక చెప్పకపోతే ఎలా? శనివారం చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"తప్పయింది సార్. మూడో పీరియడ్‌ల మెరూన్ పట్టుచీర మీదికి బ్లౌజు వెతికిన."

ఆ మెరూన్ చీరలోనే వచ్చిన సుజాత మేడం కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది.

"బట్టతల మీద వెంట్రుకలు మొలిచే నూనె చూసిన."

నా నెత్తిన దువ్వెన విరిగేంత జుట్టు. యాదగిరి సారు నెత్తిన ట్యూబులైటు వెలుగుతోంది. కరస్పాండెంట్ గారు రెండు తలలనూ మార్చి మార్చి చూశారు.

"ఇగ రోజూ పొద్దుగాల, చంద్లాపూర్ కాడ రిజర్వాయర్ కనవడే ప్లాట్లు..."

చాయ్ తాగినప్పుడల్లా ఆ ప్లాట్ల ముచ్చట చెప్పే హెడ్మాస్టర్ దిగ్గున లేచాడు. "చాలు, చాలు! క్లాసు మస్తు చెప్పినవ్. కాంట్రాక్టు కాయితం తే, గిప్పుడే సంతకం పెడ్త!"

సంతకమైతే పడింది. సారీ అని మాత్రం ఇప్పటిదాకా ఎవరూ అనలేదు. ఆ రోజే సుద్దముక్క పట్టుకుని ఒట్టు వేసుకున్నాను: అడిగితే ప్రాణమిస్తాను, పాస్‌వర్డు ఇవ్వను. ఇప్పుడు ఎవరు పరుగెత్తుకొచ్చినా నాది ఒకటే మాట, "పర్మిషన్ పెడ్త. గుండైనా సరే, రేపటిదాక ఆగాలె."

అన్నట్టు, ఆ నూనె పనిచేయలేదు. యాదగిరి సారు నాకు రోజూ ఎదురుపడతాడు.