ఉగాదికి లేపిన ద్రాక్షతీగ

అనురాధ ద్రాక్షతీగను నాటింది వేసవిలో. పాతిపెట్టింది నవంబరులో, షికాగో పక్కనున్న అరోరాలో నేల ఇంకా గడ్డకట్టకముందే.

ఆస్పత్రి ల్యాబులో మైక్రోస్కోపు మీద వంగి జీవితమంతా గడిపిన డాక్టరమ్మ ఆమె. రిటైరైన ఏడాది భర్త వాసుదేవరావుతో విస్కాన్సిన్ వెళ్తూ ఒక ద్రాక్షతోట దగ్గర ఆగింది. అక్కడ అందరూ వైన్ రుచి చూస్తుంటే ఆమె మంచినీళ్ళు అడిగి, తోట యజమానిని కదిలించింది. ఇంత చలిలో ద్రాక్ష ఎలా బతుకుతుంది?

అతను చెప్పుకొచ్చాడు. జర్మనీ నుంచి వచ్చినవాళ్ళు తమతో తీగలు తెచ్చుకున్నారు. మొదటి చలికాలమే వాటిని మింగేసింది. కొందరు తీగను నేలమీద పడుకోబెట్టి మట్టి కప్పారు. తర్వాతివాళ్ళు ఏటిగట్ల అడవిద్రాక్షతో దాన్ని కలిపి, చలికి జంకని జాతులు పుట్టించారు. ఆ అడవి పులుపు ఇప్పటికీ ఇక్కడి వైన్‌లో ఉందట.

ఆమె మాత్రం యూరప్ తీగనే కొంది. "గట్టిది ఎలాగూ బతుకుతుంది. అందులో నాకు తెలిసేదేముంది?" అంది. సొంత తీగ నుంచి ఒక్క సీసా వైన్ తీయాలి, అంతే. అది తాగడం గురించి ఆలోచించనే లేదు.

మూడో ఏడు కాపు రావాలి. ఆ ఏడు మార్చి చివర నాలుగు రోజులు ఎండ కాసింది. ఉగాది పచ్చడి తిని, చెయ్యి కడుక్కుని, తీగ మీది మట్టి తీయడానికి ఆమె పార పట్టుకుంది.

"మనమే ఇంకా కోట్లు విప్పలేదు. దానికి దుప్పటి లాగేస్తున్నావా?" అన్నాడు వాసుదేవరావు.

"ఇవాళ ఉగాదండీ. వసంతం వచ్చేసింది."

"ఆ సంగతి షికాగో వెదర్‌కి ఎవరు చెప్పారు?"

తీగ లేచింది. మొగ్గలు గులాబిరంగు తిరిగి, నిద్రకళ్ళలా విచ్చుకున్నాయి. మే మొదట్లో మంచు పేరుకుంది. పాత నూలుచీరలు కప్పినా ఆగలేదు. తెల్లారేసరికి మొగ్గలన్నీ కమిలి నల్లబడ్డాయి.

"తొందరపెట్టి నేనే చంపానండీ," అంది. ఆయన ఈసారి వేళాకోళం ఆడలేదు.

అయినా పాత అలవాటు ఊరుకోనివ్వదు. ఒక మొగ్గను బ్లేడుతో నిలువునా కోసి, లెన్స్ కింద పెట్టింది. నడుమ బొగ్గులాంటి నలుపు. పక్కన ఆవగింజంత పచ్చదనం.

విస్కాన్సిన్‌కి ఫోన్ చేసింది. తోటాయన నవ్వాడు. ప్రతి మొగ్గ వెనకా ఇంకోటి కాచుకుని ఉంటుందట. మొదటిది పోతేనే అది లేస్తుందట. కాపు మాత్రం తక్కువ. ఇకమీదట పండుగ చూసి కాదు, వీధిలో లైలాక్ పూలపొద మొగ్గ తొడిగాకే తీగను లేపమన్నాడు.

అలాగే లేచింది. సెప్టెంబరులో దక్కినవి కొద్ది గుత్తులే. చేత్తో నలిపి, గాజు జాడీలో పోసి, గుడ్డ కట్టింది. వంటిల్లంతా తియ్యగా, కొంచెం మత్తుగా వాసన. వాసుదేవరావు జాడీకి చెవి ఆనించి బుడగల సవ్వడి విన్నాడు.

"ఆవకాయ ఎప్పుడూ ఇలా మాట్లాడలేదే!"

సీసా నిండలేదు. సగానికి వచ్చింది. ఆమె స్టీలు గ్లాసులో గుక్కెడు పోసుకుంది. డెబ్బై దాటాక, జీవితంలో మొదటి వైన్ గుక్క.

"బాగుందా?"

నాలుక మీద పులుపు, దాని వెనక ఎక్కడో ఎండ.

"తెలీదండీ. దేంతో పోల్చను?"

నవంబరు వచ్చింది. ఈసారి పార ఆయనే తెచ్చాడు. ఇద్దరూ తీగను నెమ్మదిగా వంచి పడుకోబెట్టారు.

"మళ్ళీ ఎప్పుడు లేపుదాం డాక్టర్ గారూ, ఉగాదికేనా?"

ఆమె తీగ మీద మట్టి సర్దుతూ వీధి అవతలికి చూసింది.

"ఎదురింటి లైలాక్‌ని అడిగి చెప్తాను."