సుందరరాజు తుడిచిన పలక

మా తమ్ముడు సుందరరాజు మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో ముప్పై రెండేండ్లు ఒకటే పని చేసినాడు. చట్రం బిగించిన పలక చేతికొస్తే తడిగుడ్డతో దుమ్ము తుడిచి పక్కన పెట్టడం. ఇంట్లోనూ అంతే. కంచం చేతికిచ్చినా ముందు తుడుస్తాడు. నేను కడిగింది చాలలేదా అని మా మరదలు ప్రేమకుమారి అలుగుతుంది.

ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నాలు తిన్నాక మా ఊరు తర్లుపాడులో కబడ్డీ ఆడతారు. మేం చెడుగుడు అనేవాళ్లం, టీవీ వచ్చి పేరు మార్చింది. లెక్క రాసేది మా తమ్ముడే, పలక మీద, పాయింటుకొక గీత. ఇంగ్లీషులో స్కోరు అంటే మొదట్లో కర్ర మీద గాటు పెట్టడమేనంట, మా మనవరాలు ఫెబీ ఫోనులో చూసి చెప్పింది. నేను రెండో తరగతిలోనే బడి మానినదాన్ని. అయినా ఇంగ్లీషోళ్లు మావాడికంటే ఎక్కువేం కనిపెట్టలేదని ఆరోజు తెలిసింది.

ఇరవై ఏండ్లలో వాడి గీత తప్పని ఎవరూ అనలేదు. వాడికున్న ఆస్తి అదొక్కటే.

మొన్న ఫిబ్రవరిలో కంభం జట్టు వచ్చింది. మా జట్టులో వాడి కొడుకు శ్యాంసన్ ఉన్నాడు. సగం ఆట అయినాక ఎవరో నీళ్లు తాగుతూ పలక మీద నాలుగు చుక్కలు ఒలకబోసినారు. మావాడు భుజం మీది తువ్వాలు తీసి, పలక రెండు పక్కలా శుభ్రంగా తుడిచి, పక్కన పెట్టినాడు. పెట్టినాక గానీ తెలియలేదు ఏం చేసినాడో.

మూడు పాయింట్లు ముందున్నామని మావాళ్లు. సమానమని కంభంవాళ్లు. విజిల్ పట్టుకున్న మాలకొండయ్య, సుందరరాజు ఎంతంటే అంతే అన్నాడు. రెండు జట్లూ సరేనన్నాయి.

"పలక మీద లేంది నేను చెప్పను. మొదట్నుంచి ఆడండి" అన్నాడు మావాడు.

"నీకు గుర్తుంది నాయనా. చెప్పు" అన్నాడు శ్యాంసన్.

వాడు బలపం చేతిలోకి తీసుకున్నాడు. మళ్లీ ఆడినారు. మావాళ్లు రెండు పాయింట్లతో ఓడినారు. శ్యాంసన్ ఇంటికొచ్చి, తండ్రితో మాట్లాడకుండా అన్నం తిని పడుకున్నాడు.

నేను ఊరుకునే మనిషినా? నిజం చెప్పమని తమ్ముణ్ణి పట్టుకున్నా.

"పదిహేడు, పద్నాలుగు అక్కా. మనోళ్లే ముందు."

"మరి చెప్పడానికి నోట్లో ఏముంది నీకు?"

"కొడుకు ఆడుతుంటే నా నోటిమాట ఎవరు నమ్ముతారు? గీత ఉంటే నమ్ముతారు. ఒకసారి అనుమానం వచ్చినాక నన్ను మళ్లీ లెక్కకు కూర్చోబెట్టరు."

పిచ్చోడివి అన్నాను. ఇప్పటికీ అదే అంటాను.

తరువాతి వారం కంభం నుంచే కబురొచ్చింది, వాళ్ల ఊళ్లో ఆటకు లెక్క రాయడానికి సుందరరాజే కావాలని. శ్యాంసన్ తండ్రిని బండి మీద ఎక్కించుకుని పోయినాడు. దారంతా ఒక్క మాట మాట్లాడలేదంట. మాట్లాడకపోయినా తీసుకుపోయినాడు కదా, చాలు.

తువ్వాలు మాత్రం బయల్దేరేటప్పుడే మా తమ్ముడి భుజం మీదనుంచి నేను లాగి నా దగ్గర పెట్టుకున్నా.