కెన్‌కీ కుడ్‌కీ మధ్య మామయ్య

మా మామయ్యకు ఇంగ్లీషులో జవాబు చెప్పడం వచ్చు. అడగడంతోనే వచ్చింది చిక్కు. ఒక ప్రశ్నను ఎన్ని రకాలుగా అడగవచ్చో అన్నీ తెలుసు మరి! ‘కెన్ యూ’ అంటే దబాయించినట్టుంటుందేమో, ‘కుడ్ యూ’ అంటే బతిమాలినట్టుంటుందేమో, ‘వుడ్ యూ మైండ్’ అంటే అవతలివాడు ఎస్ అనాలో నో అనాలో తెలియక తికమకపడతాడేమో అని ఆలోచించి తేల్చుకునేసరికి, అవతలివాడు అక్కడ ఉండడు.

ఒకసారి చేతుల నిండా ఫైళ్లతో లిఫ్టెక్కాడు. నాలుగో అంతస్తు బటన్ నొక్కమని పక్కాయనను అడగాలి. ఆలోచిస్తూ తొమ్మిదో అంతస్తుదాకా వెళ్లి, మళ్లీ కిందికి దిగి, చివరికి మెట్లెక్కి రొప్పుతూ వచ్చాడు.

“మెట్లెందుకెక్కావు మామయ్యా?”

“మెట్లనైతే ఏమీ అడగక్కర్లేదురా.”

అత్తయ్య మాత్రం దేవుడికి దణ్ణం పెట్టుకుంటుంది. “నన్ను పెళ్లి చేసుకుంటావా అని తెలుగులో అడిగారు కాబట్టి సరిపోయింది. ఇంగ్లీషులో అయితే ఇప్పటికీ మా నాన్న ఇంట్లోనే ఉండేదాన్ని!”

ఇలాంటి మనిషిని ఏరికోరి మా కంపెనీవాళ్లు ఉత్తరాల విభాగానికి పెద్ద గుమాస్తాను చేశారు. ఆయన చెప్పాలి, నేను టైపు కొట్టాలి. ‘సరుకు ఎప్పుడు పంపుతారు?’ అని ఒక ఫ్యాక్టరీని అడిగే ఉత్తరం ఇంకా తయారవుతుండగానే సరుకు వచ్చి గుమ్మంలో దిగింది. “చూశావా, అడక్కుండానే పంపారు. మర్యాదస్తులు!” అని మురిసిపోయాడు మామయ్య.

ఇలా ఉండగా మా టెలిఫోన్ ఆపరేటరు, చెప్పాపెట్టకుండా రెండు రోజులు పనిలోకి రాలేదు. మేనేజరు మండిపడ్డాడు. “సంజాయిషీ అడుగుతూ ఉత్తరం రాయండి. మధ్యాహ్నానికి నా బల్ల మీద ఉండాలి!” సంజాయిషీ ఉత్తరం వెళ్లిందంటే, మా కంపెనీలో ఉద్యోగం సగం ఊడినట్టే.

మధ్యాహ్నమైంది. మేనేజరే వచ్చాడు. “ఏదండీ ఉత్తరం?”

“‘వై డిడ్న్ట్ యూ కమ్’ అంటే చెవి మెలేసినట్టుందండీ. ‘హౌ కమ్’ అంటే కాలక్షేపానికి అడిగినట్టుంది.”

“ఏదో ఒకటి ఏడవండి!”

“ఏదో ఒకటి ఎలాగండీ? కంపెనీ పరువు!”

పరువు మాట వినగానే మేనేజరు వచ్చిన దారినే వెళ్లిపోయాడు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. నేను కొట్టడం, మామయ్య చింపడం. పదకొండు కాగితాలు చెత్తబుట్టలోకి వెళ్లాయి.

ఆ తర్వాతి రోజు పొద్దున్నే ఆపరేటరు, డాక్టరు సర్టిఫికెట్‌తో సహా వచ్చి కూర్చుంది. ఉత్తరమే వెళ్లలేదు కనుక ఆవిడ ఫైల్లో మచ్చా పడలేదు. మేనేజరు సర్టిఫికెట్ తిరగేసి, మరగేసి, ఊరుకున్నాడు.

“సర్టిఫికెట్ తెమ్మన్నది మీ మామయ్యగారే” అంది ఆవిడ నాతో, భోజనాల వేళ.

“ఆయన మీకెక్కడ కనిపించాడు?”

“ఉత్తరం రాయమన్న రోజు సాయంత్రమే ఇంటికొచ్చారు. తలుపు తీయగానే ‘ఏమ్మా, ఎవరికి బాగాలేదు?’ అన్నారు. మావారి కాలు విరిగిందని చెప్పాను. ‘కాస్త నిలదొక్కుకునే రా, అక్కడ నేను చూసుకుంటాను’ అన్నారు.”

నేను నేరుగా మామయ్య బల్ల దగ్గరికెళ్లాను. “అంటే ఆ పదకొండు కాగితాలూ నాటకమా?”

“మొదటి ఆరూ నిజమేరా” అన్నాడు మామయ్య సిగ్గుపడుతూ.

రెండు నెలలు తిరిగేసరికి మేనేజరే మూడు రోజులు చెప్పకుండా మానేశాడు. ఆయన్ను సంజాయిషీ అడగమని పైఆఫీసు నుంచి ఉత్తరాల విభాగానికి తాఖీదు వచ్చింది. ఆ రోజు మేనేజరు మెల్లగా వచ్చి మామయ్య ఎదుట కుర్చీ లాక్కున్నాడు.

“తొందరేం లేదండీ. ‘వై’ బాగుంటుందో, ‘హౌ కమ్’ బాగుంటుందో... నిదానంగా ఆలోచించండి. వారం పట్టినా పరవాలేదు.”

మామయ్య ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

“అది సరే, మీ పాపకు జ్వరం తగ్గిందా అండీ?” అన్నాడు.