కొనని ఇంటికి కట్టిన వాయిదాలు

మా చిన్నప్పుడు... పాలకొల్లులో అద్దెకుంటున్న రోజుల్లో, ఇంకా కొనని ఇంటికి మేం నెలనెలా వాయిదాలు కట్టేవాళ్ళం.

నాన్న రైస్ మిల్లులో గుమాస్తా. జీతం రోజున ఆయన చెప్పులు విప్పకముందే అమ్మ పీట వాల్చుకుని కూర్చుని చెయ్యి చాచేది.

"బ్యాంకు వచ్చిందండీ..."

రేపు ఇంటికి అప్పు తీసుకుంటే నెలకెంత కట్టాలో, అంతా ఆ చేతిలో పెట్టాల్సిందే. మర్నాడు అది పోస్టాఫీసులో పడేది. ఏడాదిపాటు ఒక్క నెలా తప్పకుండా కట్టగలిగితేనే నిజం అప్పు జోలికి వెళ్ళాలి... అమ్మ పెట్టిన షరతు అది.

వీధి అరుగు మీద చాటలో మునగాకు దూస్తూ కూర్చునే ఇంటి ఓనరు మామ్మగారికి ఇదంతా పెద్ద కాలక్షేపం.

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుందమ్మా నీ యవ్వారం! లేని ఇంటికి వాయిదాలేంటి?"

"కొన్నాక కట్టలేకపోతే ఊరంతా నవ్వుద్ది మామ్మగారూ. ఇప్పుడైతే మీరొక్కరే కదా!" అనేది అమ్మ.

నాకు మాత్రం ఆ ఇల్లు ఉన్నట్టే. అమ్మానాన్నలకో గది, నాకో గది. నా చాప చుట్టూ సుద్దముక్కతో గోడలు గీసుకుని, అమ్మ చీపురు పట్టుకొచ్చినా "తలుపు కొట్టి రా" అనేదాన్ని...

ఆ శ్రావణంలో మేనత్త కూతురి పెళ్ళి కుదిరింది. మేనమామగా నాన్న పట్టుచీర పెట్టాలి, మట్టెలు పెట్టాలి... తప్పదు. జీతం రోజున అమ్మ చేతిలో సగమే పెట్టారు.

"ఈ నెలకి ఇంతేనే. నువ్వేం నిజం బ్యాంకువి కాదు గదా, సర్దుకో."

"నిజం బ్యాంకైతే ఏం చేద్దురు?"

నాన్న చెప్పులు విప్పి పక్కన పెట్టారు. "ఎవరి దగ్గరో చేబదులు తెచ్చేవాణ్ణి."

"అదేనండీ నా భయం."

"అయితే ఇల్లొద్దంటావా?"

"ఇల్లు కావాలి. అంత ఇల్లొద్దు." అమ్మ నా వైపు చూసింది. "ఓ గది తీసేద్దాం."

తీసేసింది నా గదే!

ఆ పూట అన్నం ముట్టలేదు నేను. మామ్మగారే ఆవకాయ ముద్ద కలుపుకొచ్చారు. "ఊరుకో అమ్మలూ... లేని గది పోతే ఉత్తుత్తి ఏడుపు ఏడవాలి గానీ, ఇంత నిజంగా ఏడుస్తారా ఎవరైనా!"

చిన్న ఇంటికి తగ్గట్టు వాయిదా తగ్గించి, మళ్ళీ మొదటి నెల నుంచి లెక్క మొదలుపెట్టారు. ఈసారి నాన్నకి టైఫాయిడ్ వచ్చినా వాయిదా తప్పలేదు. పోస్టాఫీసులో పోగైన డబ్బే ఇంటికి ముందు కట్టాల్సిన సొమ్ము అయింది. కాలువ అవతల ఓ హాలు, ఒకే గది ఉన్న ఇల్లు కొన్నాం... నిజం బ్యాంకులో మొదటి వాయిదా కట్టొచ్చిన రోజున నాన్న, "మీ అమ్మకంటే వాళ్ళే నయమే, కుర్చీ వేసి కూర్చోమన్నారు!" అన్నారు.

డిగ్రీ అయ్యేదాకా హాల్లోనే పడుకున్నాను. కానీ వాయిదా కోసం మా నాన్న ఒకరి గుమ్మం ముందు నిలబడడం నేను చూడలేదు.

ఇప్పుడు కాకినాడలో ఉద్యోగం నాది. ఒక ఆఫీసులో, ఒక అద్దింట్లో కుదురుగా ఉండలేని నాకు కూడా ఓ ఫ్లాట్ మీద మనసైంది. ఫోన్‌లో జీతం ఎంతో కొడితే చాలు, టీ చల్లారేలోపు బ్యాంకు యాప్ "మీకింత అప్పు ఇస్తాం" అంటోంది. ఈ నెల మీ ఇంట్లో పెళ్ళేమైనా ఉందా అని మాత్రం అడగదు...

అందుకే కొనని ఫ్లాటుకి నేనూ వాయిదా కడుతున్నాను. ఇప్పటిదాకా తప్పలేదు. తప్పితే ఏం చెయ్యాలో కూడా తెలుసు. కొంటాను, చూడండి!

కాకపోతే ఇప్పుడు డబ్బు ఓ ఖాతాలోంచి ఇంకో ఖాతాలోకి చడీచప్పుడు లేకుండా వెళ్ళిపోతోంది... ఇంట్లో ఒక్క మాటా పుట్టించకుండా.

మీ ఇంటికి గోడలు లేవకముందే మీవాళ్ళు వదులుకున్నదేంటండీ? రాయండి, చదవాలనుంది...