అమ్మ వెన్నుమీద ఊలు జడ

మొన్న నెల్లూరులో, రోడ్డు మీద కాకి కూడా కనపడని మిట్టమధ్యాహ్నం, మా మనవరాలు గదిలో ఏసీ పెట్టుకొని, చలేస్తోందంటూ కొత్త స్వెట్టరు తొడుక్కొని కూర్చుంటే నాకు నవ్వాగలేదు. చలిని కొని తెచ్చుకొని, దాన్ని ఆపడానికి మళ్ళీ స్వెట్టరు కొనుక్కోవడమేమిటో, ఈ కాలపు పిల్లల లెక్క నాకు అంతుపట్టదు. నవ్వుతూనే దాని వీపు నిమిరితే, ఊలుతో మెలికలుగా అల్లిన జడ ఒకటి వేళ్ళకు తగిలింది, అంతే, నేను గూడూరు దగ్గర కోట అనే ఊళ్ళో మా పాత ఇంటి వసారాలో ఉన్నాను.

నాకప్పుడు ఆరేళ్ళో ఏడేళ్ళో. అమ్మ జడ గుప్పిట్లో పట్టుకోనిదే నిద్రపట్టేది కాదు, ఎంత గడుసుపిల్లనంటే అమ్మ అటు తిరిగి పడుకోవాల్సిందే. అట్లాంటిది అమ్మకు జబ్బు చేసింది. క్షయ అనే మాట పలకడానికి అందరికీ భయం, ‘ఆ దగ్గు’ అనేవాళ్ళు. నన్ను అమ్మ దగ్గరికి పోనివ్వకుండా, మాతోనే ఉండే మా పిన్ని, అమ్మ చెల్లెలు, తన పక్కన పడుకోబెట్టుకునేది. తిరుపతి అవతల కొండల్లో ఒక ఆస్పత్రి ఉందనీ, నెలల తరబడి అక్కడే ఉండాలనీ, అక్కడి చలి ఎముకలు కొరుకుతుందనీ నాయన కనుక్కొని వచ్చినాడు. అక్కడికి పోయినోళ్ళు అందరూ తిరిగిరారని ఎవరో అంటుంటే నా చెవిన పడింది.

పిన్ని స్వెట్టరు అల్లుతానంది. పక్కింటి సాయిబుగారి భార్యను మేమంతా ఖాలా అనేవాళ్ళం, గూడూరు రైల్వే క్వార్టర్లలో ఉన్నప్పుడు ఆమె ఆ విద్య నేర్చుకుందట. ఇక రోజూ వసారాలో ఇద్దరూ ఊలుండలు ముందేసుకొని కూర్చునేవాళ్ళు. జడ అల్లికకు కొన్ని కుట్లు తీసి పక్కన ఆపి, తర్వాతవి ముందు అల్లి, ఆపినవాటిని వాటి మీదుగా దాటించాలి. ఆ కుట్లు ఆపడానికి అమ్మ తలపిన్ను వాడేది పిన్ని. జడకు అటూ ఇటూ మాత్రం అన్నీ చిల్లుల అల్లికే, ఎందుకంటే చలి అంటే ఏమిటో ఇద్దరిలో ఎవరికీ తెలియదు పాపం, గాలాడకపోతే మనిషి ఉక్కపోసి చచ్చిపోదా అని వాళ్ళ బెంగ. ఉప్పుగాలిలో పుట్టి పెరిగినవాళ్ళకు అంతకుమించి ఎట్లా తోస్తుంది? నాయన చూసి, చలికి స్వెట్టరా, చేపలకు వలా అని ఎగతాళి చేసినాడు. జడ ముందువైపు వస్తే అందం అని ఖాలా ఎంత చెప్పినా పిన్ని వినలేదు. “అట్ట కాదు ఖాలా, వెనకే ఉండాల” అని ఒకటే మాట.

గూడూరు స్టేషన్లో, ఆ ఎండలో, పిన్ని మనసు కష్టపెట్టలేక అమ్మ ఆ స్వెట్టరు తొడుక్కొనే రైలెక్కింది. అమ్మను నన్ను ఎత్తుకోనివ్వలేదు ఎవరూ. కదిలే బండిలో అమ్మ చెయ్యి కనిపించినంతసేపూ చూసి, ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు.

ఏడాది పైనే అయింది. ఆ చిల్లుల్లోంచి కొండగాలి దూరి అమ్మ వణికిపోతుంటే అక్కడి నర్సమ్మలు నవ్వేవాళ్ళట. “మా ఊరి గాలి కూడా నాతో రావాలని మా చెల్లి దోవ పెట్టిందిలేమ్మా” అనేదట అమ్మ. నయమై వచ్చింది. చిక్కిపోయింది, జుట్టు మెడ దాకా కత్తిరించేసి ఉంది. ముసురు పట్టిన రోజులు కావడంతో ఆ స్వెట్టరుతోనే పడుకుంది. మొదటిసారి నన్ను పక్కకు రానిచ్చారు. అలవాటుగా చెయ్యి చాపితే జడ లేదు, నాకు ఏడుపు తన్నుకొచ్చింది. తడుముకుంటే వెన్నుమీద ఊలు జడ దొరికింది, అటూ ఇటూ చిల్లుల్లోంచి అమ్మ ఒంటి వెచ్చదనం తగులుతోంది. అట్లాగే నిద్రపోయాను.

ఆస్పత్రిలో జుట్టు తీసేస్తారని నాయన ముందే చెప్పి ఉన్నాడట. ఆ సంగతి నాకు పెళ్ళీడు వచ్చాక తెలిసింది. అంటే అమ్మ తిరిగొస్తుందనీ, వచ్చాక నాకు పట్టుకోవడానికి జడ కావాలనీ నమ్మి కుట్లు వేసింది ఆ ఇంట్లో పిన్ని ఒక్కతే.

ఇప్పుడు అమ్మా లేదు, పిన్నీ లేదు, స్వెట్టరు ఎప్పుడో పురుగులపాలైంది. మనవరాలి స్వెట్టరు మెషీన్ అల్లింది, మెలికలన్నీ ఒకే తీరు, ఎక్కడా ఒక్క చిల్లు లేదు. ఆ జడ ఎవరి చెయ్యి కోసం అల్లారో అల్లిన మెషీనుకేం తెలుసు?

“ఏంది అమ్మమ్మా, అట్ట పట్టుకున్నావు?” అంది అది ఫోనులోంచి తలెత్తకుండా.

ఏం లేదులే అన్నాను కానీ, వదల్లేదు.