ఉప్పునీరు కారని జాడీ

సింహాచలమ్మ చేసిన కుండలో నీళ్లు తాగనివాళ్లు ఆ ద్వీపంలోని హోప్ టౌన్‌లో లేరు. అదే కుండలో చేపలు ఉప్పేసి ఊరబెట్టమంటే మాత్రం అందరూ మొహం తిప్పుకునేవారు. రెండు రోజులకే ఉప్పునీరు మట్టిలోంచి ఊరుతూ బయటికి కారేది. అత్త బుల్లమ్మయితే మరీను. కుమ్మరింటి పిల్ల చేపలవాళ్లింటికి కోడలై వచ్చి పదిహేడేళ్లయినా, ఆవిడ చేపలు ఓడలో వచ్చిన పింగాణీ జాడీ దిగలేదు. సింహాచలమ్మకు ఇది తీరని ఉక్రోషం.

అందుకే అవతలి గట్టున డెలానీపూర్‌లో క్రాఫ్టు టీచరు శాంతకుమారి ఇంటి వెనక కుండలు కాల్చే గ్యాసు బట్టీ కట్టించిందని తెలియగానే ఆమె ఫెర్రీ ఎక్కేసింది. బట్టీ తెల్లగా కాగాక బట్టలసోడా కలిపిన నీళ్లు లోపలికి చల్లితే, ఆ ఆవిరి కుండలకు గాజులా పట్టేస్తుందట. ఇంకేం కావాలి! ద్వీపం ఎర్రమట్టిలో ఓడలో తెప్పించిన తెల్లమట్టి కలిపి ఏడు జాడీలు చేసింది.

కాల్చే రోజు, సోడానీళ్లు చల్లడానికి తెచ్చిన పురుగుమందు కొట్టే పంపు నింపే పని తనే మీదేసుకుంది. కుళాయి వచ్చేది మూడు రోజులకోసారి. తాగే నీళ్లు బట్టలసోడాకు పోయడానికి చేతులు రాక, పక్కనున్న సముద్రం నీళ్లు ముంచుకొచ్చింది. ఉప్పు కూడా కలిసొస్తుందని లోలోపల మురిసిపోయింది కూడా.

బట్టీలో గుర్తుకు పెట్టిన మట్టి కడ్డీ వంగింది. వేడి సరిపోయింది. శాంతకుమారి పంపు నొక్కితే ఒక్క చిమ్ముకే ఆగిపోయింది. మూత తీసి చూస్తే సోడానీళ్లు విరిగిన పాలలా ఉన్నాయి. ఆ తెల్లటి ముద్దలు గొట్టాన్ని పూడ్చేశాయి.

"సముద్రం నీళ్లు పోశావా? వాటిలో సోడా ముద్దకడుతుంది! గ్యాసు ఇంకో అరగంటే వస్తుంది. ఓడ వచ్చేదాకా సిలిండరు లేదు!" శాంతకుమారి నెత్తి కొట్టుకుంది.

సింహాచలమ్మ మిగిలిన సోడా సంచీ వైపు చూసింది. అంతలోనే కళ్లు మెరిశాయి. "రుకో దీదీ, కాస్త ఆగు! పొడి సోడా ఉంది గదా? నాను సూసుకుంటాను."

పెరట్లో అరటాకులు కోసింది. నిప్పుల్లో చేప కాల్చడానికి చుట్టినట్టే, తడిపిన సోడాను ఆకుల్లో పొట్లాలు కట్టి, ఇనుపకడ్డీ కొసన పెట్టి బట్టీ రంధ్రంలోంచి మంటల్లోకి తోసింది. ఫెళ్లుమంది! పొగగొట్టం నుంచి పసుపు మంట నిలువునా లేచింది. "ఇంకోటి, ఇంకోటి!" అని ఇద్దరూ చిన్నపిల్లల్లా కేకలు పెట్టారు. పన్నెండో పొట్లం లోపలికి వెళ్లాక గ్యాసు అయిపోయింది.

రెండు రోజులు చల్లారనిచ్చి బట్టీ విప్పారు. జాడీలు కమలాతొక్కలా గరుకుగా, తళతళలాడుతూ ఉన్నాయి. సింహాచలమ్మ ఒకటి ఒళ్లో పెట్టుకుని ఫెర్రీలో ఇంటికి తెచ్చింది. దాన్నిండా చిక్కటి ఉప్పునీళ్లు పోసి, పొడి గట్టు మీద పెట్టింది. మూడు రోజులు అన్నం సయించలేదు.

నాలుగో పొద్దున బుల్లమ్మ జాడీ ఎత్తి, అడుగున అరచెయ్యి రాసింది. నమ్మలేక ఆ అరచెయ్యి నాకింది.

"ఉప్పు నేదే!"

ఆవిడ జాడీ దించింది. ఉప్పునీళ్లు పారబోసి, పింగాణీ జాడీలోని చేపలను తన చేతులతోనే ఒక్కొక్కటిగా తీసి కోడలి జాడీలో సర్దడం మొదలుపెట్టింది. సింహాచలమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.


"ఏడుపెందుకే? సగం సేపలు మిగిలిపోనాయి. దీనికన్నా పెద్దదొకటి సెయ్యి," అంది అత్త.